ఏ ప్రశ్నకు ఏ మ్యాప్? హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి ఒక పోలిక

హైదరాబాద్‌లో మ్యాప్ చూడకుండా రోజు గడవదు. క్యాబ్ ఎక్కితే మ్యాప్, బిర్యానీ ఆర్డర్ పెడితే మ్యాప్, ఆదివారం శంకర్‌పల్లి వైపు ప్లాటు చూడ్డానికి వెళ్తే చేతిలో పెట్టే బ్రోచర్‌లోనూ మ్యాప్. అన్నీ మ్యాపులే కదా అని అన్నిటినీ ఒకేలా నమ్మేస్తాం. చిక్కంతా అక్కడే వస్తుంది. దారి చూపించడానికి తయారైన పటాన్ని పట్టుకుని నేల సంగతి అడుగుతాం. "ఫోన్‌లో చూశా, అక్కడ చెరువేం లేదు" అనుకుని అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాం.

ఏ మ్యాపైనా కొన్నిటిని చూపించడానికి మరికొన్నిటిని వదిలేస్తుంది. మెట్రో పటం దూరాల్ని వదిలేస్తుంది. టోపోషీట్ (గుట్టలు, వాగులు, ఎత్తుపల్లాలు చూపించే సర్వే పటం) భూమి ఎవరిదో చెప్పదు. గ్రామ నక్షా (ఊరి సర్వే నంబర్ల పటం) ఎత్తుపల్లాల జోలికి పోదు. మీ ప్రశ్నకు జవాబు ఆ వదిలేసిన దాంట్లో ఉంటే, ఆ మ్యాప్ ఎంత అందంగా ఉన్నా మీకు పనికిరాదు. కింద నేను ఇచ్చే సలహాలన్నీ ఈ ఒక్క లెక్క మీదే.

ఫోన్ మ్యాపుల్లో ఏది?

రోజూ ఆఫీసుకి వెళ్ళిరావడానికైతే గూగుల్ మ్యాప్స్ చాలు. దాని బలం పటంలో కంటే దాని వెనక కదులుతున్న ఫోన్లలో ఉంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు గీతలు చూపించేది బళ్ళ సంఖ్యను కాదు, వేగాన్ని. ఆ వేగం రోడ్డు మీదున్న ఫోన్ల నుంచే లెక్కకు వస్తుంది. అందుకే గచ్చిబౌలి మెయిన్ రోడ్డు గురించి అది చెప్పేది దాదాపు నమ్మొచ్చు. శాలిబండ లోపలి గల్లీ విషయంలో ఆ నమ్మకం పెట్టుకోకండి. గల్లీకి రంగు లేదంటే ఖాళీగా ఉందని కాదు, సమాచారం లేదని. అక్కడ బారాత్ పోతూ ఉండొచ్చు.

మన ఊళ్ళో ఫోన్ మ్యాప్ తడబడే అసలు చోటు ఫ్లైఓవర్. పటం మీద పై రోడ్డూ కింది రోడ్డూ ఒకే గీత. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నారో, దాని కింద ఉన్నారో నీలం చుక్క చూసి చెప్పలేం. గూగుల్ 2024లో మన దేశంలో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయం తెచ్చాక కొంత నయం. మ్యాప్‌మైఇండియా వాళ్ళ మ్యాపుల్స్ యాప్ అయితే జంక్షన్ బొమ్మనే తెరమీద చూపిస్తుంది, ఏ లేన్‌లోకి పోవాలో కంటికి కనిపిస్తుంది. కొత్తగా కారు నేర్చుకుని బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర టెన్షన్ పడేవాళ్ళకి నేను మ్యాపుల్సే చెప్తాను. షాపుల వేళలు, ఫోన్ నంబర్లు, రివ్యూలు కావాలంటే గూగులే.

మూడోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైంది, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. దీని మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటి యాప్‌లలో ఊరంతా ముందే దించుకుని నెట్ లేకుండా తిరగొచ్చు. వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో సిగ్నల్ పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కాలిబాటలు, మెట్లు, పార్కు గేట్లు లాంటివి నడిచేవాళ్ళే ఎక్కించి ఉంటారు కాబట్టి, ఎవరో ఒకరు శ్రద్ధ పెట్టిన చోట చాలా బాగుంటుంది. పట్టించుకోని చోట ఖాళీ. కొత్త కాలనీల్లో ఈ ఖాళీలు ఎక్కువ. కొరియర్ అబ్బాయికి ఈ లింకు పంపితే మాత్రం మీ పార్సిల్ మర్చిపోండి.

అడ్రసు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. వార్డు, బ్లాకు, ఇంటి నంబరు గీతలతో కలిపి రాసే పాత బల్దియా నంబర్లతో కొత్తవాళ్ళు ఇల్లు కనుక్కోవడం కష్టమే. అందుకే ఇక్కడ జనం "పిల్లర్ నంబర్ చెప్పు" అంటారు. మెట్రో స్తంభాల మీదా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మీదా రాసి ఉన్న నంబర్లే అత్తాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా సగం ఊరికి అడ్రసు. వరస నంబర్లు కాబట్టి ముందుకు పోవాలో వెనక్కి పోవాలో కూడా తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇది చక్కటి పద్ధతి, ఏ అధికారీ పెట్టకపోయినా. అధికారికంగా తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. తయారీలో ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాలుపంచుకున్నాయి. అంబులెన్స్ పిలవాల్సిన అవసరం రావచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ కోడ్ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ఆటోవాలాకి మాత్రం పిల్లర్ నంబరే చెప్పండి.

మెట్రో పటం, దూరం అడగొద్దు

మెట్రో స్టేషన్‌లో గోడమీద ఉండే పటంలో గీతలన్నీ తిన్నగా, స్టేషన్లన్నీ సమాన దూరంలో ఉంటాయి. ఇది 1933లో లండన్ భూగర్భ రైలు కోసం హ్యారీ బెక్ గీసిన పటంతో స్థిరపడిన పద్ధతి. రైలెక్కినవాడికి కావాల్సింది ఏ లైను, ఎన్నో స్టేషను, ఎక్కడ మారాలి అన్నవే. వంకరలూ మైళ్ళూ వాడికెందుకు అన్నది బెక్ ఆలోచన. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి 27 స్టేషన్లు. అమీర్‌పేటలో నీలం లైనుకీ, ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకీ మారొచ్చు. ఇంతవరకు ఈ పటం కంటే మెరుగైనది లేదు.

రైలు దిగాక ఏం చేయాలన్న దగ్గర ఇది చేతులెత్తేస్తుంది. నాంపల్లిలో ఎక్కి కోఠిలో సుల్తాన్ బజార్‌కి వెళ్ళాలనుకోండి. పటం చూస్తే ఎర్ర లైనులో ఎంజీబీఎస్ దాకా పోయి, అక్కడ ఆకుపచ్చ లైను పట్టుకుని ఒక స్టేషన్ వెనక్కి రావాలనిపిస్తుంది. మామూలు వీధి పటం తెరిస్తే, ఎర్ర లైనులోనే ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చని కనిపిస్తుంది. రెండూ కోఠి చుట్టుపక్కలవే. ఇంకో రకం చిక్కు పేర్లతో. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ పేరుకు ఒకటే కానీ మధ్యలో రెండు కిలోమీటర్లకు పైనే ఉంది. కాబట్టి రైల్లో ఉన్నంతసేపు మెట్రో పటం, మెట్లు దిగగానే వీధి పటం.

ప్లాటు కొనేటప్పుడు

ఇక్కడ కాస్త ఆగుదాం. ఒక్క ప్లాటు కోసం కనీసం నాలుగైదు రకాల పటాలు చూడాలి. ఒకటి చెప్పేది మరొకటి చెప్పదు. వాటిలో అన్నిటికంటే అందంగా ఉండేది అన్నిటికంటే తక్కువ పనికొస్తుంది.

అదే బ్రోచర్ మ్యాప్. మధ్యలో ఎర్ర నక్షత్రం, దాని చుట్టూ చక్కటి వలయంగా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు), ఒక మూల విమానం బొమ్మ, మరో మూల ఐటీ టవర్లు. కింద చీమంత అక్షరాల్లో "నాట్ టు స్కేల్". నిజానికి గీసిన పద్ధతి మెట్రో పటందే. అక్కడ ప్రయాణికుడి సౌకర్యం కోసం దూరాల్ని వదిలేస్తే, ఇక్కడ అమ్మేవాడి సౌకర్యం కోసం వదిలేశారు. "అన్నా, ఓఆర్ఆర్ పక్కనే, ఎయిర్‌పోర్ట్ ఇరవై నిమిషాలు" అంటాడు మధ్యవర్తి. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్‌ను ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, ఇంటర్‌ఛేంజ్ దగ్గరే ఎక్కాలి. ప్లాటు కంచె రింగు రోడ్డుకి ఆనుకుని ఉన్నా, ఇంటర్‌ఛేంజ్ చాలా దూరంలో ఉండొచ్చు. బ్రోచర్‌లో రింగు గీసి ఉంటుంది, ఎక్కే చోటు గీసి ఉండదు. ముందు ఫోన్‌లో ఆ స్థలం నుంచి ఎయిర్‌పోర్ట్‌కి దారి పెట్టి చూడండి, సోమవారం ఉదయం తొమ్మిదింటికి బయల్దేరినట్టు టైం మార్చి. ఈ పనికి ఫోన్ మ్యాప్ బంగారం.

తర్వాత లేఅవుట్ ప్లాన్. హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ఆమోదించిన ప్లాన్‌లో ఎల్పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్), స్కేలు, ఉత్తర దిశ గుర్తు, రోడ్ల వెడల్పు, ప్రతి ప్లాటు కొలతలు ఉంటాయి. బ్రోచర్‌కీ దీనికీ పోలికే లేదు. అయితే లేఅవుట్ తన హద్దు గీత లోపలి సంగతే చెప్తుంది. గీత దాటితే తెల్ల కాగితం. పక్కన శ్మశానం ఉందా, చెరువు శిఖం (నీళ్ళు నిలిచే నేల) ఉందా, అసలు లోపలికి వచ్చే దారి ఎవరి పొలంలోంచి వస్తోంది అన్నవి అందులో దొరకవు.

దానికి గ్రామ నక్షా కావాలి. చూడ్డానికి ఏమీ బాగోదు. పాత గీతలు, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు సర్వే నంబర్లు, ఇరుకు అక్షరాలు. కానీ వాగు ఎటునుంచి వస్తోంది, బండ్ల బాట ఎక్కడ, చెరువు ఏ నంబర్లలో ఉంది, ఆబాదీ (ఇళ్ళున్న చోటు) ఎంతవరకు, పక్క ఊరి పొలిమేర ఎక్కడ అన్నవన్నీ అందులో ఉంటాయి. లేఅవుట్ మీద రాసిన సర్వే నంబర్లను నక్షాలో ఒక్కొక్కటిగా వెతికి పెన్సిల్‌తో రంగు వేయండి. లేఅవుట్ ఆకారం, మీరు రంగు వేసిన ఆకారం ఒకేలా లేకపోతే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. తరచూ కనిపించేది ఏంటంటే, లేఅవుట్‌లో పార్కు అని చూపించిన ముక్క నక్షాలో వాగుకి ఆనుకుని ఉండటం. లేదంటే ముప్పై అడుగుల రోడ్డు అన్నది వేరే సర్వే నంబర్‌లోంచి పోవడం.

నక్షా, టిప్పన్ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. నక్షా ఊరంతటి ఆకారం. టిప్పన్ ఒక్కో సర్వే నంబర్‌కి విడిగా ఉండే కొలతల చిత్తు. ఆంధ్రాలో ఎఫ్‌ఎంబీ అనేది దాదాపు ఇదే. నక్షా మీద స్కేలు పెట్టి హద్దు కొలిచి పక్కవాడితో గొడవ పడకూడదు. హద్దు తగాదాకి టిప్పన్, దాన్ని నేల మీద చూపించడానికి సర్వేయర్, గొలుసు లేదా ఇప్పటి డీజీపీఎస్ (ఫోన్ జీపీఎస్ కంటే చాలా కచ్చితంగా కొలిచే) యంత్రం ఉండాల్సిందే. గుంట అంటే 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఎకరం. పాస్‌బుక్‌లో గుంటలు, లేఅవుట్‌లో గజాలు ఉంటాయి కాబట్టి ఈ లెక్క చేతిలో పెట్టుకోండి. 2025లో వచ్చిన భూభారతి చట్టం సాగుభూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్‌కి సర్వే పటం జతచేసే నిబంధన పెట్టింది. రికార్డులో అక్షరాలే తప్ప ఆకారం లేకపోవడం వల్ల ఇన్నాళ్ళూ వచ్చిన తగాదాలు చూసినవాళ్ళకి అదెంత అవసరమో తెలుసు.

నాలుగోది మాస్టర్ ప్లాన్ పటం. హెచ్‌ఎండీఏ పరిధికి 2013 జనవరిలో నోటిఫై చేసిన 2031 మెట్రోపాలిటన్ ప్లాన్‌లో ప్రతి నేలకూ ఒక జోన్ రంగు ఉంటుంది, రెసిడెన్షియల్, కన్జర్వేషన్ (కట్టడాలకి ఆంక్షలున్నది), పెరి అర్బన్ (ఊరి శివారు), ఇంకా కొన్ని. ఇది నేల మీద ఏముందో చెప్పే పటం కాదు, ఏం కట్టుకోనిస్తారో చెప్పే పటం. జొన్నచేను రెసిడెన్షియల్ రంగులో ఉండొచ్చు, నాలుగంతస్తుల ఇళ్ళున్న చోటు కన్జర్వేషన్ రంగులో ఉండొచ్చు. శాటిలైట్ ఫోటోలో ఇళ్ళు కనిపించాయి కాబట్టి పర్మిషన్ వస్తుందనుకోవడం, రెండు రకాల పటాల్ని కలిపేయడం వల్ల వచ్చే పొరపాటు.

ఇక నీళ్ళు. చెరువు అలుగు పారే మట్టాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని పట్టీ బఫర్. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం (జీవో 168) పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకి ఎఫ్‌టీఎల్ పటం, దాన్ని సర్వే నంబర్ల మీద పరిచిన పటం దొరుకుతాయి. పక్కనే ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనలా అని కూడా ఉంటుంది. ప్రిలిమినరీ అయితే గీత ఇంకా మారొచ్చు. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చిన 2024 జూలై తర్వాత ఈ గీత ఎక్కడుందన్న ప్రశ్న ఊరందరిదీ అయింది.

ఇక్కడే స్కేలు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. 30 మీటర్ల బఫర్ ఆ పటంలో 0.6 మిల్లీమీటర్లు. బాల్‌పెన్ గీత మందం అంతే. అలాంటి పటంలో మీ ప్లాటు బఫర్‌లో ఉందో లేదో ఏ దేవుడూ చెప్పలేడు. అదే 1:5,000 పటంలో 6 మిల్లీమీటర్లు, కంటికి ఆనుతుంది. పోనీ చెరువు గట్టున నిలబడి ఫోన్‌లో చుక్క చూద్దామంటే, ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. 9 మీటర్ల బఫర్ దగ్గర ఐదు మీటర్ల తేడా అంటే సగానికి పైనే.

ఇంకో చిన్న సంగతి. ఈ పటాలన్నీ మనకి చేరేది జిరాక్సుగానో, వాట్సాప్ ఫోటోగానో. ఏ3 కాగితాన్ని ఏ4కి కుదించి జిరాక్స్ తీస్తే, దాని మీద "1:5,000" అని రాసి ఉన్నా అది అబద్ధమైపోతుంది. కింద గడులు గడులుగా గీసిన స్కేలు గీత మాత్రం పటంతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి నిజమే చెప్తుంది. స్కేలు గీత లేని జిరాక్స్ మీద కొలతలు తీయకండి.

శాటిలైట్ ఫోటో ఎప్పుడు పనికొస్తుంది? పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టినప్పుడు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిస్తే గడియారం గుర్తు నొక్కి ఏళ్ళ వెనక్కి పోవచ్చు. ఆ స్థలం పదిహేనేళ్ళ కిందట ఎలా ఉందో కళ్ళారా చూడొచ్చు. ఒక జాగ్రత్త. మే నెల ఫోటోలో మన చెరువులు క్రికెట్ మైదానాల్లా ఉంటాయి. అదే చోట అక్టోబర్ ఫోటో కోసం వెతకండి. ఎండాకాలం ఫోటోలు మాత్రమే చూపించి నమ్మించే అమ్మకందార్లు ఉన్నారు. ఇస్రో వాళ్ళ భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది. తెర నెమ్మదిగా కదులుతుంది, ఓపిక కావాలి. కానీ నేల వాడకం, నీటి వనరులు లాంటి పొరల్ని విడివిడిగా చూపించేది అదే.

టోపోషీట్

ఇది నాకు నచ్చిన పటం కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా గీసే ఈ షీట్లలో మామూలుగా దొరికేది 1:50,000. ఆ సంస్థ శిక్షణ కేంద్రం మన ఉప్పల్‌లోనే ఉంది. పాత లెక్కలో చార్మినార్, గోల్కొండ 56కె/7 అనే షీట్‌లో పడతాయి, ఉప్పల్ పక్కనున్న 56కె/11లో. సికింద్రాబాద్ స్టేషన్ దాదాపు రెండు షీట్ల అంచు మీద ఉంటుంది, దాని చుట్టుపక్కలంతా చూడాలంటే రెండూ కావాలి. ఇప్పటి ఓపెన్ సిరీస్ షీట్లకి ఈ44తో మొదలయ్యే కొత్త నంబర్లు వచ్చాయి, సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో లాగిన్ అయి పీడీఎఫ్ దించుకోవచ్చు.

56కె/7లో గోల్కొండ దగ్గర చూడండి. బాలాహిస్సార్ గుట్ట చుట్టూ గోధుమ రంగు గీతలు ఒకదాని లోపల ఒకటి వలయాల్లా బిగుసుకుని ఉంటాయి. ఒక్కో గీతకీ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. గీతలు దగ్గరైతే నిటారు, దూరమైతే చదును. నీళ్ళు నీలం, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, ఇళ్ళు ఎరుపు. వానాకాలంలో మాత్రమే పారే వాగులు నల్ల గీతలు. చెరువు కట్ట పక్కన "6ఆర్" లాంటి అంకె ఉంటే కట్ట చుట్టుపక్కల నేల కంటే ఆరు మీటర్లు ఎత్తని అర్థం. ఆ నల్ల గీతల్ని వేలితో వెంబడిస్తూ పోతే ఒక చెరువు అలుగు కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకోటి, చివరికి మూసీ. గొలుసుకట్టు చెరువులంటే ఏంటో ఒక్క కాగితంలో అర్థమవుతుంది. పాత ప్రచురణ దొరికితే ఇంకా మంచిది. ఇప్పుడు కాలనీ బోర్డు ఉన్న చోట అందులో చెరువు పేరు ఉండొచ్చు.

2020 అక్టోబర్ వరదల తర్వాత ఇల్లు మారాలనుకునే చాలామంది "ఏ ఏరియా ఎత్తు మీద ఉంది?" అని అడగడం మొదలుపెట్టారు. దానికి టోపోషీట్ సగం జవాబే ఇస్తుంది. 20 మీటర్ల గీతల మధ్య రెండు మీటర్ల పల్లం కనిపించదు, ముంచేది ఆ రెండు మీటర్లే. ఎత్తు అంకెల కోసం కాకుండా పాత వాగు ఎటు పారేదో చూడ్డానికి దాన్ని వాడండి. మీ వీధి పాత నల్ల గీత మీద ఉంటే, ఇప్పుడు దాని మీద సీసీ రోడ్డు పోసినా నీళ్ళకి ఆ దారి గుర్తుంటుంది. మిగతా సగం జవాబు ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన్ని అడగాలి.

పాతబస్తీ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇంకో నిధి ఉంది. 1908 మూసీ వరద తర్వాత 1912-15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మున్సిపల్ సర్వే పటాలవి. గల్లీ గల్లీని గీశారు. హెరిటేజ్ వాక్‌కి వెళ్ళే ముందు ఆ చుట్టుపక్కల షీటు ఒకసారి చూసుకుంటే, గైడు చెప్పని సంగతులు మీకే కనిపిస్తాయి. దారి వెతకడానికి మాత్రం వద్దు.

లెక్కల్ని చూపించే పటాలు

ప్రాజెక్టు చేసే విద్యార్థులకీ, పేపర్లో గ్రాఫిక్స్ వేసేవాళ్ళకీ ఈ భాగం. జిల్లాలకు లేత నుంచి ముదురు దాకా రంగులు నింపే పటం అందరూ వేస్తారు, తేలిక కాబట్టి. దాని లోపం ఏంటంటే కంటికి విస్తీర్ణమే పెద్దగా కనిపిస్తుంది. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1,12,077. అంటే రాష్ట్రంలో ఐదు వందో వంతు, పటం మీద ఆవగింజ. కానీ 119 అసెంబ్లీ సీట్లలో 15 ఈ ఆవగింజలోనే ఉన్నాయి, ఎనిమిదో వంతు. ఎన్నికల రాత్రి టీవీలో ఒక రంగు రాష్ట్రమంతా కమ్మేసినట్టు కనిపిస్తే, ఆ రంగులో ఎక్కువ భాగం అడవులూ పొలాలే అని గుర్తుపెట్టుకోవాలి. సీట్లు చూపించాలంటే ఒక్కో నియోజకవర్గానికి ఒకే సైజు గడి వేసే పటం మేలు. రాష్ట్రం ఆకారం కాస్త చెడుతుంది, లెక్క సరిగా కనిపిస్తుంది.

రంగులు నింపాల్సి వస్తే మొత్తం అంకెలు వేయకండి, నిష్పత్తులు వేయండి. జనాభా కాకుండా చదరపు కిలోమీటరుకి ఎంతమంది అని. 2011 లెక్కల్లో హైదరాబాద్‌కి అది 18 వేలు దాటింది. కేసులు కాకుండా లక్షకి ఎన్ని కేసులు అని. మొత్తం అంకెలే చూపించాలంటే జిల్లా మీద వలయం వేసి, అంకెని బట్టి సైజు పెంచండి. ఏ అంకె దగ్గర రంగు మార్చారన్నది కూడా చూడాలి. అదే డేటాతో హద్దులు కాస్త జరిపి ఒక జిల్లాని ఎర్రగానూ చేయొచ్చు, లేత పసుపుగానూ చేయొచ్చు.

ఎక్కడ జరిగిందో ఖచ్చితంగా తెలిస్తే చుక్కల పటానికి సాటి లేదు. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాల్ని ఇంటింటి లెక్కన గుర్తు పెడితే అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి. వార్డుల వారీగా రంగులు నింపి ఉంటే ఆ పంపు కనిపించేది కాదు. మన ఊళ్ళో వానకి కూడా ఇదే వర్తిస్తుంది. ఎల్బీనగర్‌లో కుండపోత, మియాపూర్‌లో దుమ్ము. "హైదరాబాద్‌లో ఇంత వర్షం" అని జిల్లాకంతా ఒకే రంగు పూస్తే ఎవరికీ ఉపయోగం లేదు, వర్షమాపకం ఉన్న ప్రతి చోటా చుక్క, పక్కన అంకె వేయాలి. డెంగీ కేసులకి మాత్రం ఇంటి మీద చుక్క పెట్టొద్దు, ఆ ఇంటివాళ్ళ పరువు సంగతి కూడా ఉంది. బస్తీ స్థాయిలో కలిపేయండి.

గోడ పటం, గ్లోబు

పిల్లల గదికి కొనేవాళ్ళు అచ్చు బాగుందో లేదో చూసే ముందు పాతదేమో చూడాలి. తెలంగాణలో 33 జిల్లాలుండాలి, 31 ఉంటే అది 2019 ఫిబ్రవరికి ముందుది. హనుమకొండ బదులు వరంగల్ అర్బన్ అని ఉంటే 2021 కంటే పాతది. దేశ పటంలో లద్దాఖ్ విడిగా లేకపోతే 2019 అక్టోబర్‌కి ముందుది. కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మేవి సగం ఇలాంటివే ఉంటాయి, బేరం ఆడే ముందు ఈ మూడూ చూసుకోండి.

ప్రపంచ పటంలో మెర్కేటర్ పద్ధతిది వద్దు. 1569లో ఓడలవాళ్ళ కోసం వేసింది. దిక్కు తప్పకుండా చూపిస్తుంది, సైజు దారుణంగా చెడగొడుతుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజంగా ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే. ఫోన్ మ్యాపులు వాడేదీ దాదాపు ఇదే పద్ధతి కానీ, మన అక్షాంశం దగ్గర సాగేది ఐదు శాతమే, అదీ ఊరంతటా ఒకేలా, కాబట్టి ఊళ్ళో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. చిన్న పిల్లలకైతే గ్లోబే కొనండి, 30 సెంటీమీటర్లకి తగ్గకుండా. ఆ సైజులో కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది, హైదరాబాద్ పేరు చదవగలిగేంత చోటు ఉంటుంది. అంతకంటే చిన్నదాంట్లో ముంబై, చెన్నై పేర్లు వేసి మనల్ని వదిలేస్తారు.